పండ్లెక్కువుండేది

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏదైనా సరే, ఎక్కువుంటే మంచిదే. అన్నంలో నెయ్యి, సినిమాలో ఫైట్లు, డిప్లొమాలో మార్కులు (ఈ మూడోది నాకు అనుభవంలో లేదు, వట్టి నమ్మకమే). ఆ నమ్మకంతోనే ఒకసారి మా చిన్నాయన లారీని బాగుచేయడానికి బయల్దేరాను.

చిన్నాయనది బంగారుపాళ్యంలో, హైవే మీద చెడిపోయిన బండ్లను లాక్కొచ్చే పాత లారీ. వెనక కొక్కెం, ముందు చిన్నమ్మ కట్టిన నిమ్మకాయలు. చదునులో బాగానే లాగేది గానీ మొగిలి ఘాటు ఎక్కాలంటే మాత్రం మూలిగేది. ఆ యేడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మేనేజరు, "మా లోడు బండ్లు ఘాటులో ఆగిపోతా ఉండాయి. సోమవారం ఒక బండిని ఎవురు పైకి లాగుతారో, సీజనంతా పని వాళ్లకే" అన్నాడు. పోటీకొచ్చేది పలమనేరులో ఇట్లాంటి లారీనే నడిపే మీసాలాయన. ఆ మీసం కనబడితేనే చిన్నాయనకు ఒళ్లు మండేది. పని దక్కకపోతే లారీ అమ్మేసి కోళ్లఫారం పెట్టాల్సిందేనని చిన్నమ్మ తేల్చిచెప్పింది. చిన్నాయనకు కోళ్లంటే కూరలో తప్ప ఇష్టం లేదు.

"లాగుడు పెరగాలంటే వెనక ఇరుసులో పండ్లచక్రం మార్చాలరా. చిత్తూరికి పోయి పండ్లెక్కువుండేది సూసి తీసుకోని రా" అని నన్ను పంపాడు.

పాత బండి సామాన్ల అంగడిలో రెండు జతలున్నాయి. జత అంటే ఒక పెద్ద చక్రం, దాన్ని తిప్పే ఒక చిన్న చక్రం. అంగడాయన, "లాగుడు గావాల్నా, పరుగు గావాల్నా?" అని అడిగాడు. డిప్లొమా చదివినవాడిని, నన్నే అడుగుతాడా? జవాబు కూడా చెప్పకుండా పెద్ద చక్రాల పండ్లు మాత్రం వేలుపెట్టి లెక్కపెట్టి, "పండ్లెక్కువుండేది ఇదిగో, ఇదే ఇయ్యి" అన్నాను.

గోనెసంచితో బస్సెక్కితే పక్కనున్న అవ్వ ఊరుకోలేదు.

"ఏముందిరా అబ్బోడా సంచిలో?"

"పండ్లవ్వా." (మా సీమలో నోట్లోవీ పండ్లే, చెట్టువీ పండ్లే, చక్రాలవీ పండ్లే. నేను అబద్ధమాడలేదు.)

"బేనీషా మామిడిపండ్లా?" అంటూ సంచిని గట్టిగా నొక్కి, వేళ్లు విదిలించుకుని, "ఎవురో మోసం జేసినారు రా నిన్ను. ఇంకా మాగనే లేదు" అంది. నేను లోపల్లోపల నవ్వుకున్నాను.

షెడ్డులో బిగించేటప్పుడు మేస్త్రీ, "ఇదేనాప్పా మీరనుకున్నింది?" అని సణిగాడు. "మావాడు సదివినాడు, వాడికి తెలీదా?" అని చిన్నాయన ఆయన నోరు మూయించాడు. సోమవారం పొద్దున హైవే ఎక్కితే మా లారీ కార్లను దాటింది! "ఇది లారీ కాదురా, ఇమానం!" అని చిన్నాయన నా వీపు మీద ఒక్కటిచ్చాడు. మీసాలాయన కంటే చాలా ముందే ఘాటు చేరి, గుజ్జు డ్రమ్ముల లారీకి కొక్కెం తగిలించాం.

ఇంజను అరిచింది, క్లచ్చు మాడిన కంపు కొట్టింది, బండి కదిలింది. వెనక్కి. మేనేజరు రోడ్డు పక్కకు దూకాడు. ఎవరో పరుగెత్తి చక్రాల కింద రాళ్లు వేశారు. అంతలో మెల్లగా వచ్చిన మీసాలాయన సంగతంతా విని నావైపు తిరిగాడు.

"పెద్దదాని పండ్లెంచినావు సరే, చిన్నదానికెన్ని?"

"ఎంచలేదు."

"మొగుని పండ్లెంచి పెండ్లాం పండ్లిడిసిపెడితే ఎట్లా నాయనా? చిన్నదానికి తక్కువుంటేనే లాగుడు. రెండిట్లోనూ ఎక్కువుంటే పరుగే!"

ఆయన గుజ్జు లారీని పైదాకా లాగేసి, తిరిగొచ్చి క్లచ్చు మాడిన మా లారీని కూడా తన కొక్కేనికి తగిలించుకుని కిందికి బయల్దేరాడు. సిగ్గుతో నా తల కిందికి వాలిపోయింది. ఊరు దగ్గరపడ్డాక చిన్నాయన గుసగుసగా, "మీ చిన్నమ్మ అడిగితే మనమే ఆయన్ని లాక్కొస్తా ఉండామని చెప్పు" అన్నాడు.

చిన్నమ్మ వాకిట్లోనే ఉంది. చిన్నాయన చెప్పమన్నదే చెప్పాను.

"అట్లనా? మరి ఆయన ముందర ఉండాడేమిరా?"

"దారి సూపిస్తాండాడు" అన్నాడు చిన్నాయన.

"మన కొంపకు దారి మీకు తెలీదా?" అని చిన్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మీసాలాయన మాత్రం గట్టిగా నవ్వి, ఆమె ఇచ్చిన మజ్జిగ మీసం తడిసేలా తాగి, "అమ్మా, మీ బండి చదునులో గాలి మాదిరి పోతుంది. ఘాటెత్తులో పని నాది, కిందంతా మీది. మేనేజరుతో నేను మాట్లాడతా" అన్నాడు. చిన్నాయన కళ్లు తుడుచుకున్నాడు. కోళ్లఫారం మాట మా ఇంట్లో మళ్లీ వినబడలేదు.

ఇప్పుడు తిరుపతిలో నాకే ఒక సామాన్ల అంగడి ఉంది. అప్పుడప్పుడూ ఎవడో పడుచువాడు వచ్చి, నేనడిగినదానికి జవాబివ్వకుండా, తనకు తోచినదాన్ని చూపించి "ఇదే ఇయ్యన్నా" అంటాడు. వాడిని కూర్చోబెట్టి రెండు చక్రాలూ లెక్కపెట్టిస్తాను. వాడు సరైనది తీసుకుని వెళ్లిపోయాక మాత్రం కొంచెం దిగులుగా ఉంటుంది, పాపం, వాడికిక ఏ మీసాలాయనా దొరకడు కదా అని.