ఉయ్యాల తాడు మీద పిట్ట

మొన్న మా అమ్మాయి పట్టుబట్టి కాఫీ తోటల కొండల్లోకి తీసుకెళ్లింది. సాయంత్రం వసారాలో కూర్చుంటే గుప్పెట్లో పట్టేంత నీలిపిట్ట ఒకటి గాల్లో పురుగును అందుకుని, మళ్లీ అదే కొమ్మ మీద వాలింది. ఇవి కొండ అడవుల్లో ఉంటాయనీ, చలికాలం కొన్ని కిందికి దిగుతాయనీ అమ్మాయి చెప్పింది. దిగుతాయని నాకెప్పుడో తెలుసు.

కాలువ నీళ్లొచ్చాయని మావాళ్లు గోదావరి వదిలి రాయచూరు జిల్లాలోని గోరేబాళ ఊరు చేరిన కొత్తలో, వరి సంగతేమోగానీ దోమలు మాత్రం బ్రహ్మాండంగా పండాయి. ఆ వానాకాలమే ఉయ్యాలలోని మా చెల్లెలు జ్వరమొచ్చి పోయింది. ఖాళీ ఉయ్యాల ఇంట్లో వేలాడకూడదని నాయనమ్మ ఎంత మొత్తుకున్నా అమ్మ విప్పనివ్వలేదు.

చలికాలంలో ఒకరోజు దీపాలు పెట్టే వేళ, ఇలాంటి పిట్టే కిటికీలోంచి వచ్చి ఉయ్యాల తాడు మీద వాలింది. ఖాళీ ఉయ్యాల మెల్లగా ఊగుతోంది. పిట్ట చప్పుడు లేకుండా దాని చుట్టూ తిరిగి, మళ్లీ తాడు మీదికే వస్తోంది. నేను నాయనమ్మ కొంగులో దూరాను. పాలు పోసే ముసలమ్మ, రాయచూరు మనిషి, గడపలోనే ఆగిపోయింది.

"గీ పిట్టను మా దిక్కు ఎన్నడు చూడలేదమ్మా. నీ బిడ్డనే గిట్ల వచ్చింది. ఖిడికీ బంద్ చెయ్యకు," అంది అమ్మతో.

ఆ మాటలు నాయనమ్మకు సగమే అర్థమయ్యాయి, భయం మాత్రం పూర్తిగా పట్టుకుంది.

అంతే, అమ్మ ఇంట్లో ఉండీ మాకు దక్కలేదు. పొద్దువాలితే పొయ్యి సంగతి కూడా మరిచి ఉయ్యాల దగ్గర గోడకానుకుని కూర్చునేది. నాన్న కసిరినా పలకదు, నేను పిలిచినా తిరగదు. ఒకనాడు ధైర్యం చేసి దగ్గరికెళ్లాను. ఉయ్యాలకు కట్టిన తాడు కొస అమ్మ కాలి బొటనవేలికి ఉంది, చెల్లెలున్నప్పుడు బియ్యం ఏరుకుంటూ ఊపినట్టే. ఉయ్యాల కదిలితే మడతల్లోని దోమలు లేస్తున్నాయి, వాటికోసం పిట్ట వస్తోంది. పిట్ట వస్తోందని అమ్మ ఊపుతోంది. గుట్టు తెలిశాక భయం పోవాలి కదా, నాకు రెట్టింపైంది. అమ్మ కళ్లు నా మీదే ఉన్నా నన్ను చూడటం లేదు.

"అమ్మా, నేనూ ఉన్నానే!" అని ఏడ్చాను. అమ్మ కాలు ఆగలేదు.

ఎండలు మొదలయ్యాక ఒక సాయంత్రం పిట్ట రాలేదు. మర్నాడూ రాలేదు. అయినా అమ్మ చాలాసేపు ఊపుతూనే ఉంది. తర్వాత వంగి వేలికున్న తాడు విప్పుకుంది. నా వైపు చూసింది.

"తలేంటే అలా అట్టకట్టింది? దువ్వెన పట్రా," అంది.

చిక్కు లాగినప్పుడల్లా ఏడ్చాను. నొప్పికి కాదు.

అమ్మ పోయి చాలాకాలమైంది. ఆ కొండల్లో పిట్ట మళ్లీ ఎగిరినప్పుడు కిందికి చూసుకుంటే, నా కాలి బొటనవేలు దానంతటదే కదులుతోంది. ఎన్నేళ్లు గడిస్తేనేం, ఆ తాడు రెండో కొస ఇంకా ఏ ఉయ్యాలకో కట్టే ఉంది.