ఈల ఊదే ఆడమనిషి కావలెను

మహిళల ఫుట్‌బాల్ పోటీలకు మహిళా రిఫరీలే ఉండాలని పైనుంచి కాగితం వచ్చింది. మా ఖరగ్‌పూర్ కమిటీలో తొమ్మిది మంది, తొమ్మిది మందీ మగవాళ్లే. గంటసేపు స్త్రీల అభ్యున్నతి గురించి మాట్లాడుకుని, సింగాడా సమోసాలు తిని, వెతికే పని నా నెత్తిన పెట్టారు. ఒకప్పుడు ఆడినదాన్ని, ఇప్పుడు రిటైరై ఖాళీగా ఉన్నదాన్ని కదా.

నిమ్‌పురా రైల్వే క్వార్టర్లన్నీ తిరిగాను. ఒకావిడ మోకాళ్లు కనబడతాయంది. ఇంకొకావిడ ఎండకి నల్లబడిపోతుందని వాళ్లాయన బెంగపడ్డాడు. పొయ్యి దగ్గర మాడితే ఫరవాలేదు కాబోలు. చివరికి దోసెల పిండి అమ్మే అమ్మాయి ఒప్పుకుంది. పొద్దున్న పిండి రుబ్బి, సాయంత్రం గ్రౌండులో పరుగెత్తి, రూల్సన్నీ బట్టీపట్టి పరీక్ష గట్టెక్కింది. ఆటంతా తన చేతి మీదుగా నడవాలని ఎంత ఆశపడిందో! వారం రోజులు ఈల మెళ్లో వేసుకునే పిండి అమ్మింది.

ఫోటోగ్రాఫర్ వస్తున్నాడు కనుక మొదటి మ్యాచ్ ఆమెకే ఇచ్చారు. ఆమె పోయి పోయి మా కమిటీ సెక్రటరీగారి జట్టు మీదే పెనాల్టీ ఇచ్చింది. ఆయన గ్రౌండులోకి వచ్చి అరిచాడు. పసుపు కార్డు చూపించింది. ఇంకా గట్టిగా అరిచాడు. ఎర్రకార్డు చూపించింది. మహిళలు ముందుకు రావాలని అరగంట క్రితమే మైకులో చెప్పిన మనిషి, మహిళ ముందుకొచ్చేసరికి గ్రౌండు చుట్టూ కట్టిన తాడు వెనక్కి పోయాడు. నాకు కడుపు నిండిపోయింది.

మర్నాడు సెక్రటరీ మా ఇంటికొచ్చి, ఆ పిల్లకి నోరెక్కువన్నాడు. నిజానికి ఆమె ఈల ఊదడం తప్ప పెదవి విప్పలేదు.

"ఇంకోర్ని సూడక్కా. కాస్త మెత్తగుండాల."

"అంటే ఈల ఉండాల, నోరుండకూడదు."

"ఠీక్ హై, అదే," అన్నాడు, నేను ఒప్పుకున్నాననుకుని.

నేను వెతకలేదు. తర్వాతి ఆదివారం ఆయనే ఒక మగ రిఫరీని తెచ్చి నిలబెట్టాడు. ఈల దీదీ లేనిదే ఆడమని రెండు జట్ల పిల్లలూ గ్రౌండు మధ్య కూలబడ్డారు. బతిమాలాడు, బెదిరించాడు. ఎవరూ లేవలేదు. చివరికి నన్ను తోడు తీసుకుని ఆ అమ్మాయి ఇంటికి బయల్దేరాడు.

ఆమె గిన్నెలో పిండి పోస్తూనే అంతా విన్నది.

"రూలు బుక్కులో సదివినాను బాబూ. ఎర్రకార్డు పడినోలు తరవాత మేచికి గ్రౌండులోకి రాకూడదు. మీరు రాపోతే నానొస్తాను."