సరి కూతా, బేసి కూతా

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో పాలకుర్తి వైపు మా ఊరి రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలోనే మా పెరటి మామిడి తొర్రలోంచి గుడ్లగూబల కూత మొదటిసారి శ్రద్ధగా విన్నాను. పొద్దు గూకే వేళకు రెండు పక్షులు, పావురం కంటే చిన్నవి, తొర్ర అంచుకు వచ్చి కూర్చునేవి. మట్టిరంగు ఒంటి నిండా తెల్ల చుక్కలు. ఒకదాని చుక్కలు లెక్కపెట్టబోతే నలభై దాటాక అది అటు తిరిగి కూర్చుంది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

అమ్మకు మాత్రం ఆ కూత వింటే భయం. కీడు పోవాలని లేచి పొయ్యిలో చిటికెడు ఉప్పు వేసేది. నాలుగో రోజు చెట్టే కొట్టించమంది.

"పిల్లలు తిరిగే ఇల్లు. గూబ కూసే చెట్టు మనకెందుకు?"

"ఎలుకల కోసం వచ్చినయమ్మా."

"ఎందుకొస్తే నాకేంది? సరి కూస్తె మంచిది, బేసి కూస్తె కీడు. లెక్కల మొనగానివి కద, నువ్వే లెక్కపెట్టి చెప్పు."

ఏడో తరగతితో బడి మానేసినా భూముల కొలతలు సొంతంగా నేర్చుకున్నాను. నా లెక్క మీద ఊళ్లో గట్ల తగాదాలు తెగేవి. తప్పు లెక్క చెప్పడం నా వల్ల కాదు, బేసి వస్తే ఆ జంటకు గూడు ఉండదు.

మూడు సాయంత్రాలు పలక పట్టుకుని మామిడికి ఎదురుగా ఉన్న జామచెట్టు కింద కూర్చున్నాను. ఒకటి మొదలుపెట్టి నాలుగు గీతలు పడేలోపే రెండోది అందుకునేది. ఆపైన రెండు గొంతులూ కలిసిపోయి ఒకటే కీచులాట. ఒకసారి పదకొండు అనిపించింది, పద్నాలుగు కూడా అనిపించింది. రెండూ రాసి, రెండూ చెరిపేశాను.

నాలుగో సాయంత్రం, అమ్మ కబురు పెడితే, ఊళ్లో చెట్లు కొట్టే అన్న గొడ్డలితో వచ్చాడు. సమ్మెలో భాగంగా రోడ్డు మీదే వండుకుని తిని నిరసన తెలిపే కార్యక్రమం ముగించుకుని అటునుంచి అటే వచ్చాడు.

"లెక్క తేలిందా?" అని అమ్మ అడిగింది.

"తేలలేదు. నాతోని కాదు. నువ్వే వచ్చి ఇను."

అమ్మ కొంగు నెత్తిన కప్పుకుని మామిడి కిందికి వచ్చింది. తొర్ర అంచున ఒకటి గొంతెత్తింది. అది ఆపకముందే రెండోది అందుకుంది. మొదటిది పక్కకు జరిగింది. రెండోది ఇంకా దగ్గరికి జరిగి ఇంకా గట్టిగా అరిచింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గిది కూతనారా? ఆలుమొగలు పంచాది పెట్టుకున్నరు. ఆమె ఆయన్ని మాట్లాడనిస్తలేదు."

"మరి సరా, బేసా?"

"పంచాదిల మాటలు ఎవడన్న లెక్కపెడ్తడా? మూడు రోజుల సంది చాటుకు కూసోని ఇంటున్నవు, జర సిగ్గుండాలె."

ఆ అన్న గొడ్డలిని గోడకు ఆనించాడు. "అవ్వా, మరి నేను ఉట్టిగనే పోవాల్నా?"

"ఉట్టిగెందుకు పోతవు? చాయ్ తాగి పో. తొర్ర జోలికి మాత్రం పోకు."

చాయ్ గ్లాసులతో ముగ్గురం అక్కడే నిలబడ్డాం. మొదటి గూబ ఎగిరిపోయి ప్రహరీ మీద ఒంటరిగా వాలింది.

"అలిగిండు," అంది అమ్మ చాయ్ ఊదుకుంటూ. "ఉండుండ్రి, ఆమెనే పోతది."

గ్లాసులు ఖాళీ కాకముందే రెండోది వెళ్లి దాని పక్కన వాలింది.