నువ్వెందుకు బాగున్నావయ్యా?

నోయిడాలో మా ఆఫీసువాళ్లు ఎనిమిదిమంది ఒకే పొద్దున వాంతులు, జ్వరంతో పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. అక్కడ పనిచేసే గుంటూరు సిస్టర్ ఒకామె వాళ్లందరినీ చూసి, వచ్చి నన్ను పట్టుకుంది.

"నువ్వెందుకు బాగున్నావయ్యా?"

దొంగను అడిగినట్టు అడిగేసరికి నాకు ఒళ్లు మండింది.

"అచ్ఛా, కోప్పడకు. నిన్న వీళ్లంతా తిని నువ్వు తిననిదేంటి?"

"క్యాంటీన్‌లో హరీ చట్నీ, అదే కొత్తిమీర పచ్చడి. నాకు పడదండీ."

ఆమె డాక్టరు వైపు తిరిగింది. "ఇందాక ఇవే వాంతులతో వచ్చిన పక్క ఆఫీసువాళ్లూ చట్నీయే తిన్నారు సార్. వాళ్ల వంటిల్లు వేరు. రెండు వంటిళ్లలో ఒకేరోజు ఒకే పొరపాటా? ఎవరో కావాలనే అందులో ఏదో కలిపారేమో, పోలీసులకు చెప్పండి."

చివరికి పోలీసులు తేల్చిందీ అదే. అందరూ బతికారు.

ఆ ప్రశ్న ఆమెకు అలవాటట. రోగి వెంట వచ్చిన ఎవరినీ వదలదట.

ఇప్పుడు ఎవరైనా "బాగున్నావా?" అంటే వెంటనే అవుననలేను. ఎందుకు బాగున్నానో ముందు వెతుక్కుంటాను.