ఇంటిమనిషి

మా అన్న పోయాడని సూరత్‌లో వడోద్ నుంచి వదిన ఫోన్ చేసేసరికి నేను అదే ఊళ్ళో, నదికి ఇవతల అమ్రోలిలో దేవుని ముందు దీపం పెడుతున్నాను. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి. నేను తాపీ నది దాటి వెళ్ళేలోపే ఆస్పత్రివాళ్ళు దహనం చేసేశారు. ముఖం కూడా చూడలేదు. అయినా నేను కలం పట్టింది ఆ దుఃఖంతో కాదు. దుఃఖం చెప్పుకోవడానికి దేవుడున్నాడు. దినాల నాడు మా అన్న యజమాని, సేఠ్, చెప్పిన ఒక మాట నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. మన ఇంటివాళ్ళు చదువుతారని, వచ్చినట్టు రాస్తున్నాను.

అన్న ఉధ్నాలో మరమగ్గాల షెడ్డులో మాస్టర్. ఆగిన మగ్గాలను బాగుచేసేవాడు. ఆ చప్పుడులోనే బతికి చెవులు పోగొట్టుకున్నాడు. షెడ్డులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అన్న ఇంట్లోనూ అంతే, అన్నం చాలంటే అరచేయి బోర్లించేవాడు. నాదేమో చిన్న గొంతు. "నీ అన్నకు ఇనవడేటట్టు జర గట్టిగ మాట్లాడరాదూ!" అని వదిన విసుక్కునేది. అన్న నవ్వేవాడు.

"దాన్నేమనకు. నా చెల్లె మొఖం జూస్తే నాకు అంత సమజైతది."

మాస్కులు వచ్చాక ఆయన నిజంగా చెవిటివాడయ్యాడు. ఎవరి పెదాలూ కనబడవు కదా. ఆస్పత్రిలో డాక్టర్ ఏమడిగినా తల ఊపుతూ ఉండిపోయాడట. మగ్గాలు తినేసిన ఆ చెవులకు బదులుగా ఆయనకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

మన తెలుగు జిల్లాల నుంచి కొత్తగా పనికి వచ్చినవాళ్ళకు ఆయన ఒకటే చెప్పేవాడు. "చేసిన దినానికిచ్చేది కూలి. చెయ్యలేని దినానికి గూడ ఇస్తే, గది జీతం. మీటరుకు ఎంత అని అడుగుడు కాదుర. జ్వరమొస్తే ఏంది, చెయ్యి మిషిన్ల పడితే ఏంది, ముసలోనివైతే ఏంది? గవి అడుగుండ్రి." ఊరికే చెప్పి వదిలేవాడు కాదు. మేనేజర్ వెంటపడి చాలామందికి ఇ.ఎస్.ఐ. కార్డులు రాయించాడు, పి.ఎఫ్. కట్టించాడు.

తనకు మాత్రం ఏదీ లేదు. "కార్డులు కారీగర్లకు. నువ్వు ఘర్ కా ఆద్మీవి" అన్నాడట సేఠ్. కార్డులు పనివాళ్ళకు, నువ్వు ఇంటిమనిషివి అని. అన్న ఆ మాటకు పడిపోయాడు. తనిఖీకి అధికారులు వచ్చే రోజున తెల్లచొక్కా వేసుకుని వెళ్ళేవాడు. సేఠ్ ఆయనను ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టి, మా బంధువని చెప్పేవాడు. అన్న వాళ్ళకు చాయ్ అందించి, ఇంటికి వచ్చి మురిసేవాడు.

"ఇయ్యాల సేఠ్ పక్కన కూసున్న."

"నీ కార్డు ఎగ్గొట్టెతందుకే గా కుర్చీ" అనేది వదిన.

"నీకు ఇజ్జత్ అంటే ఏందో తెల్వదు తియ్యి."

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి, కూలి ఆగింది. ఇంటిమనిషికి సేఠ్ ఇంటి నుంచి వచ్చింది ఒక గోధుమపిండి సంచి. మరుసటి ఏడు జ్వరాలు వచ్చినప్పుడు, అన్న కార్డులు రాయించినవాళ్ళు ఆ కార్డులు పట్టుకుని వైద్యానికి వెళ్ళారు. అన్నను ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చడానికి వదిన తన పుస్తెలు కుదువ పెట్టింది.

కోపం పాపమని నమ్మి పెరిగినదాన్ని. తగ్గించమని దేవుణ్ణి రోజూ అడిగాను, తగ్గలేదు. మనిషిని ప్రేమగా పిలిచి, ఆ పిలుపు ఖరీదును అతని కష్టంలోంచి కోసుకోవడాన్ని దొంగతనం అంటే దేవుడు నన్నేమీ అనడు.

దినాల నాడు సేఠ్ కారులో గల్లీలోకి వచ్చాడు. గడప బయటే నిలబడి, "వో తో హమారే ఘర్ కా ఆద్మీ థా" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తరవాత నా మేనకోడలిని చూపించి, ఇదీ మా ఇంటి పిల్లే, రేపటి నుంచి షెడ్డులో నూలు బాబిన్లు చుట్టే పనికి పంపమన్నాడు.

వదిన కూర్చున్న చోటు నుంచి లేవలేదు. "ఇంటి పిల్లయితే ఇంట్లనే ఉంటది, సేఠ్‌జీ. పనికొస్తే కారీగరే. ముందుగాల కార్డు రాయించుండ్రి, ఆయెన్క పంపుత."

సేఠ్‌కు తెలుగు రాదు. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, తల్లి మాటను ఒక్క ముక్క తగ్గించకుండా గుజరాతీలో చెప్పింది.

ఆయన మాస్కు సర్దుకున్నాడు. "ఘర్ మే కార్డ్ కైసా, బేటా?" ఇంట్లో కార్డేమిటని.

"అయితే నేను మా ఇంట్లనే ఉంట" అంది పిల్ల, ఈసారి తెలుగులోనే. అది మాత్రం ఆయనకు అర్థమైంది.

పిల్ల తరవాత పాండేసరలో బట్ట మడతపెట్టే పనిలో చేరింది. కూలి తక్కువే, కానీ కార్డు ఉంది. ఆ రోజు ఆ సంగతి మాకెవరికీ తెలియదు. ఆ ఇంట్లోకి రావలసిన తిండి ఆ కారులో వెనక్కి పోతోందనే అనుకున్నాం. పోనిమ్మన్నట్టు వదిన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

అన్న పని చొక్కా పొద్దున్నే ఉతికి, గల్లీకి అడ్డంగా కట్టిన తీగ మీద ఆరేశారు. ఎంత ఉతికినా దాని నూనె మరక పోలేదు. కారు దాని కింద నుంచే వెళ్ళాలి. తడి చొక్కా అంచు అద్దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసుకుంటూ పోయింది. డ్రైవర్ వైపర్ వేశాడు. నూనె కలిసిన నీళ్ళు అద్దమంతా మసకగా పరుచుకున్నాయి.

ఈ కాగితాలు దాచిపెట్టండి, ఎవరికీ చూపించకండి. మనవాళ్ళు ఇంకా ఆ షెడ్డులోనే పని చేస్తున్నారు.