గుడ్డ కప్పిన కుండ

ఇవాళ పొద్దున నేనొక తప్పు చేశాను. ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో చేసిన తప్పు కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు. వేసవి సెలవులకి వచ్చిన మా మునిమనవరాలికి పొద్దు పోవడం లేదని, నరసరావుపేటలో మా ఇంటి వెనక వసారాలో నాలుగు రోజులుగా నేనే పిల్లల వంటల బడి ఒకటి నడుపుతున్నాను. వీధిలోని పిల్లలు అయిదారుగురు వస్తారు. పొయ్యితో పెద్దగా పనిలేని ఎండాకాలపు వంటలు చేసుకుంటాం. మొదటి రోజు పానకం, తర్వాత వడపప్పు, నిన్న మజ్జిగలో నానేసిన అటుకులు. ఇవాళ మామిడికాయ పచ్చిపులుసు, ఎవరింటి నుంచి వాళ్ళు ఏదో ఒకటి తెచ్చుకోండని చెప్పింది కూడా నేనే. ఒకళ్ళు బెల్లం తెచ్చారు, ఒకళ్ళు ఉల్లిపాయలు తెచ్చారు. మా సందు మొదట్లో ఇస్త్రీ బండి నడిపే ఆవిడ మనవరాలు మాత్రం గోడవార నిలబడి ముందుకి రాలేదు. ఏడేళ్ళ పిల్ల. అందరూ చూస్తుండగా, “నువ్వేం తెచ్చావే?” అని అడిగాను. నవ్వుతూనే అడిగాను. ఆ పిల్ల చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పచ్చిపులుసు ఎవరు పిసికారో, ఎవరు తిన్నారో నేను చూడలేదు. నా ఈడు వాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకి చెప్పుకోవాలనిపించింది, ఎందుకంటే ఇలాంటి తప్పు నేను ఇంతకుముందు ఒకసారి చేశాను. అది నాకు బుద్ధి చెప్పి పోయిందనే ఇన్నేళ్ళూ అనుకున్నాను.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. రొంపిచెర్ల దాటాక ఒక ఊళ్ళో మా నాన్న మిషను బడి పంతులు. యుద్ధం ముగింపుకొచ్చిన రోజులు. కిరసనాయిలు సీసా అడుగున కొంచెం, పంచదార పండక్కి కొంచెం, బియ్యం కార్డు మీద కొంచెం, అంతా కొంచెమే. పల్నాడులో వరన్నం అప్పటికే అపురూపం, జొన్నన్నమూ, కొర్రన్నమూ, లేదా సంకటీ మామూలు. బియ్యం కార్డున్న పంతులుగారి ఇల్లు కాబట్టి మాకు వారానికి రెండు పూటలు వరన్నం ఉండేది, దాంతో నాకు గర్వమూ ఉండేది.

మా మేనత్త చిన్నప్పుడే భర్త పోయి మా ఇంట్లోనే ఉండేది. మా క్రైస్తవుల ఇళ్ళలో ఒక అలవాటు, నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది: ఆడవాళ్ళు పూటపూటా ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు గింజలు తీసి వేరే ముంతలో వేసేవాళ్ళు, ఆదివారం నాటికి పోగైనది చర్చికి చేరేది. మా ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి దాన్ని తెచ్చేది మా అత్తే. తెచ్చేటప్పుడు కుండ మూతికి గుడ్డ కట్టి, గుడ్డకి చెయ్యి పట్టేంత సందు ఉంచేది. పిడికిలి లోపలికి పోయి విప్పుకోవాలి. ఎవరు జొన్నలు వేశారో, ఎవరు బియ్యం వేశారో, ఎంత వేశారో అత్తకి కూడా తెలియదు.

బడికి సెలవులిచ్చాక మధ్యాహ్నాలు పిల్లలం ఎండలో పడి తిరగకుండా అత్త మా పెరట్లో చింతచెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి మా చేత వండించేది. మామూలుగా ఆడపిల్లలు ఆటకి ఆడుకునే గుజ్జనగూళ్ళే, కాకపోతే అత్త దాన్ని నిజం వంట చేసింది, మగపిల్లల్ని కూడా కూర్చోబెట్టింది. దీనికీ గుడ్డ కప్పిన కుండే. ఎనిమిది పది మందిమి వరసగా పోయి పిడికిలి పెట్టి విప్పి వచ్చేవాళ్ళం. కొర్రలూ, వరిగలూ, జొన్న నూకలూ, నా బియ్యమూ అన్నీ కలిసి ఒకే కుండలో నానేవి. ఒకటి ముందు ఉడికేది, ఒకటి వెనక ఉడికేది, పలుకులు పలుకులుగా ఉండే ఆ కలగలుపు సంకటిలో చల్ల పోసి పిసికితే దాని రుచి మరి ఏ వంటకీ రాలేదు నాకు.

పచ్చిపులుసు మా చిన్నవాళ్ళ వంతు. పుల్ల మామిడికాయలు నిప్పుల మీద పెట్టి పుల్లతో దొర్లిస్తూ ఉండాలి, తొక్క నల్లబడి పగిలి రసం చుయ్యిమన్నప్పుడు తియ్యాలి. అంతకుముందే తీస్తే టెంక దగ్గర పచ్చిగా ఉంటుంది. తొక్క ఒలిచి నీళ్ళలో పిసికేవాళ్ళం. పచ్చిమిరపకాయలు అదే నిప్పుల మీద కాల్చి నలిపి, ఉల్లిపాయని పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది చిదిపి వేసేవాళ్ళం. ఉల్లిపాయ గుద్దడానికి మాలో మాకు పోట్లాట. ఉప్పు మాత్రం అత్త ఎవరి చేతికీ ఇచ్చేది కాదు.

ఊరి చివర సున్నం బట్టీలో పనిచేసే ఆయన కూతురొకతి మాతో వచ్చేది. నాకంటే ఒక ఏడు చిన్నది. నిప్పుల మీద కాయలు దొర్లించడంలో దాన్ని మించిన వాళ్ళు లేరు, వేళ్ళు కాలవేమో అన్నట్టు ఉండేది. కుండ దగ్గర గుడ్డ పట్టుకుని నిలబడే పెత్తనం నాది. గింజలు రాలినప్పుడు కుండలో చిన్న చప్పుడవుతుంది కదా, ఆ పిల్ల పిడికిలి విప్పినప్పుడు ఆ చప్పుడు రావడం లేదని నేను కనిపెట్టాను. ఒకరోజు విన్నాను, రెండోరోజు విన్నాను, మూడోరోజు ఇక ఆగలేకపోయాను.

“అత్తా, దీని పిడికిట్లో ఏం లేదు!”

అత్త తలెత్తలేదు. “చేతికి చెమట పట్టుంటది, గింజలు అంటుకునుంటాయి. నువ్వు పుల్లలు ఎగదొయ్యి పో.”

ఆ మాటతో ఊరుకుని ఉంటే ఇవాళ రాయడానికేమీ ఉండేది కాదు. నేను ఆ పిల్ల చెయ్యి బయటికి లాగి, వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, ఉత్త అరచేతిని అందరికీ చూపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. “ఉత్తపిడికిలీ, ఉత్తపిడికిలీ” అని ఒకడు పాట అందుకున్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. చెయ్యి విడిపించుకుని, “నీ కార్డు బియ్యం కంపు కొడతన్నయ్యిరా, రోజూ ముక్కు మూసుకుని తింటన్నా” అనేసి వెళ్ళిపోయింది. నిజమే, ఆ బియ్యం ముక్కిపోయి ఉండేవి.

అత్త నన్ను కొట్టలేదు. దగ్గరికి పిలిచి, “ఒరేయ్, ఆ గుడ్డ ఎందుకు కప్పాననుకున్నావురా? ఈగలు వాలతాయనా?” అని అడిగింది. అంతే. తర్వాత సత్తు గిన్నె నిండా సంకటి పెట్టి, పైన పచ్చిపులుసు పోసి, బట్టీ దగ్గరికి పోయి ఆ పిల్ల చేతికిచ్చి తప్పయిందని చెప్పి రమ్మంది.

బయల్దేరాను. బట్టీ ఎంతో దూరం లేదు. తుమ్మచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల కనిపించింది, పాకనీడలో తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుంది. మరో వంద అడుగులు నడిస్తే సరిపోయేది. కాళ్ళు రాలేదు. ఆ ఒక్క మాట అనడానికి నోరు రాదని నాకు తెలిసిపోయింది. చెట్టు వెనక కూర్చుని ఆ గిన్నెడూ నేనే తినేశాను. ఆకలేసి కాదు, గిన్నె ఖాళీ అయితే పని అయిపోయినట్టేనని. ఇసకతో గిన్నె తోమి ఇంటికి తెచ్చాను.

“తిన్నదా?” అంది అత్త.

“తిన్నది.”

“ఏమన్నది?”

“చానా బాగుందన్నది.”

అత్త నా మొహంలోకి చూసి గిన్నె తీసుకుంది. నమ్మిందో లేదో నాకు తెలియదు. మర్నాడు మామూలుగా పొయ్యి రాజేసి ఆ పిల్ల కోసం చాలాసేపు చూసింది. ఆ పిల్ల రాలేదు. వారం తిరక్కుండానే ఆ బట్టీ ఆగిపోయింది, వాళ్ళు దాచేపల్లి వైపు ఇంకో బట్టీకి వెళ్ళిపోయారని విన్నాం. తర్వాత ఎప్పుడూ ఆ పిల్లని చూడలేదు. చూడాలని వెతకనూ లేదు. అత్త బతికుండగా నిజం చెప్పడానికి నాకు ఇరవై ఏళ్ళ వ్యవధి దొరికింది, అయినా చెప్పలేదు.

ఇప్పుడు గింజలకి కరువు లేదు. పిల్లలు తెచ్చే డబ్బాలు లోపల ఏముందో బయటికి కనపడేవి, వాటి మీద వాళ్ళ పేర్లు కూడా అంటించి ఉంటాయి. ఎవరు ఏం తెచ్చారో, ఎవరిది ఎక్కువో ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు. మాకు లేనివి వీళ్ళకి ఎన్నో ఉన్నందుకు నాకు సంతోషమే. కానీ లేమిని కప్పి ఉంచే మర్యాద ఒకటి ఆ లేమి రోజుల్లోనే ఉండేది, కలిమి వచ్చాక దాన్ని నేర్పవలసిన ముసలివాళ్ళం మేమే మరిచిపోయాం.

సాయంత్రం ఎండ తగ్గాక కర్ర తీసుకుని సందు మొదటికి వెళ్ళాను. పొద్దున చూసిన పిల్లలందర్నీ వెంట రమ్మన్నాను, అందరి ముందు చేసిన తప్పు చాటుగా దిద్దుకుంటే చాలదని. “ఏంది బాబాయ్, ఈ పటాలం?” అంది ఇస్త్రీ ఆవిడ. ఆ పిల్ల బండి చాటున నక్కింది. నేను పొద్దున చేసిన పని తప్పని చెప్పాను. “పోనీలే బాబాయ్, చిన్నపిల్ల, దానికేం తెలుసు” అంది ఆవిడ. తెలియాల్సింది నాకమ్మా అన్నాను. ఆ తర్వాత బండి పక్కనున్న రాళ్ళ అరుగు మీద కూర్చుని పిల్లలకి బట్టీ ఆయన కూతురి సంగతి మొత్తం చెప్పాను, చెట్టు వెనక గిన్నె ఖాళీ చేసిన సంగతితో సహా.

“మొత్తం నువ్వే తినేశావా తాతయ్యా?” అంది మా మునిమనవరాలు. మిగతావాళ్ళు నవ్వారు.

ఇస్త్రీ ఆవిడ మనవరాలు నవ్వలేదు. బండి చాటు నుంచి ఇవతలికి వచ్చి, “మరి ఆ పూట ఆ పిల్ల ఏం తిన్నది?” అని అడిగింది.

ఇన్నేళ్ళూ నా సిగ్గు గురించి ఆలోచించానే గానీ ఆ బట్టీ పిల్ల ఆకలి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. తెలియదమ్మా అన్నాను. రేపటి నుంచి ఎవరూ ఏమీ తేనక్కర్లేదనీ, అన్నీ నేనే తెస్తాననీ, మామిడికాయలు ఏరడం నాకు చేతకాదు కాబట్టి ఎవరైనా తోడు రావాలనీ చెప్పాను. కాస్త తటపటాయించి, వాళ్ళ నాయనమ్మ వైపు చూసి, ఆ పిల్లే చెప్పులు తొడుక్కుంది. బజారులో నేను ఏరిన కాయల్లో మూడు, పండుకొచ్చాయని తీసి పక్కన పెట్టేసింది.