తాండూరు సూదులు

తాండూరు నుంచి వికారాబాద్‌కు రైలులో సుమారు నలభై కిలోమీటర్లు. సాయంత్రం 4.20కి బండి కదిలినప్పుడు, నేను వెంట ఉంచుకునే చిన్న డిజిటల్ థర్మామీటరులో నా వేళ్ల ఉష్ణోగ్రత 24 డిగ్రీలు. ఏడాది పొడవునా చల్లబడే కాళ్లు చేతులకు ఆ రోజు ఎనిమిదోసారి ఆక్యుపంక్చర్ చేయించుకున్నాను. ఎదురుగా కూర్చున్న ధారూర్ లక్ష్మమ్మదీ అదే బాధ, అదే వైద్యుడు, ఆమెకు నాలుగోసారి. ఆమె చొరవగా నా చేయి అందుకుంది. ఆ అరచేయి వెచ్చగా తగిలేసరికి నాకు కడుపు మండింది.

“గిట్ల మంచుగడ్డ లెక్కున్నయేంది బిడ్డా! ఇంట్ల ఎవరు రుద్దుతలేరా?”

“మీకెవరు రుద్దుతారమ్మా?”

“మా ఆయన. వాకిట్ల కూసోని, అందరు సూస్తుండంగనే. మా మరిది నవ్విండు. మా ఆయనేమో ‘నీకు చాతగాదు తియ్‌రా’ అన్నడు.”

నలుగురిలో భార్య కాళ్లు పట్టే మనిషి గురించి నేను వినడం అదే మొదలు. ఇంట్లో ఎవరిచేతనైనా రుద్దించుకోమని వైద్యుడు నాకూ చెప్పారు. మావారిని అడగడానికి ఎనిమిది వారాలుగా నోరు రాలేదు. నా అసూయంతా ఆమె చేతుల మీది నుంచి ఆ వాకిలి మీదికి మళ్లింది.

ధారూర్‌లో దిగేదాకా ఆమె నా చేయి వదలలేదు. అప్పుడు కొలిస్తే 29 డిగ్రీలు. వికారాబాద్‌లో మళ్లీ 24.

మొత్తం మీద ఎనిమిది చికిత్సలు, నాలుగు వేల రూపాయలు, ఎనిమిది పూటల సెలవు ఖర్చు. పోయినవి, ధారూర్ దాటాక ఐదు డిగ్రీలు.